పంపు పిడి – దిగుడుబావి మెట్లు

మన డయాసిస్ శతజయంతి సంచికకు ఒక వ్యాసము వ్రాయమని కమిటీవారు కోరినప్పుడు, మన గుడుల చరిత్ర, బడుల చరిత్ర, ఆసుపత్రుల చరిత్ర వ్రాయుటకు నాకంటె తగినవారు చాలామంది ఉన్నారని చెప్పాను. నేను బావులను గూర్చి వ్రాస్తానన్నాను. కార్యదర్శిగారు నవ్వి సరేనన్నారు. రోగముల మాట వచ్చినప్పుడెల్లా మనకు డాక్టరు, నర్సు, మందుసీసా, సూది జ్ఞాపకము వస్తాయి. అది సహజమే. కాని కొన్ని రోగములు మందుతో పోలేదు. ఒక గోడ కట్టినందువలన, ఒక గొట్టము మార్చినందువలన అవి మనుష్యులను విడిచిపోయినవి. ఆ చరిత్రలో కొంత నేను కన్నులార చూచాను. కొంత చదివి తెలుసుకొన్నాను. చూచినది మొదట చెబుతాను.

మాది కర్నూలు వైపు ఒక మెట్ట గ్రామము. 1950ల చివర నేను వీధిబడిలో అక్షరములు దిద్దే రోజులలో, ఊరివారి మంచినీళ్ల బావి దగ్గరకు మా పేటవారిని రానిచ్చేవారు కాదు. మాకు వంక ప్రక్కన ఒక దిగుడుబావి ఉండేది. ఎండకాలములో చాలా మెట్లు దిగితే గాని నీళ్లు అందేవి కావు. ఆడవారు కడవ చంకన పెట్టుకొని దిగి, చీలమండలు మునిగేదాక నీళ్లలో నిలబడి, పైన తేలే నాచును చేతితో తోసి కడవ ముంచేవారు. పిల్లలము ఆ నీళ్లలోనే ఈదేవాళ్లము. చేను నుండి వచ్చినవారు అందులోనే కాళ్లు కడుగుకొనేవారు. ఆ నీళ్లే మోసుకొనిపోయి ఇంటిల్లిపాదిమి త్రాగేవాళ్లము.

ఒక సంవత్సరము మా అవ్వకు ఎడమకాలి మడమ పైన బొబ్బ లేచింది. నిప్పు పెట్టినట్లు మండుతున్నదని ఆమె రాత్రంతా కూర్చొనే ఉండేది. మంట తాళలేక మా చిన్నాన్నను తోడు తీసుకొని బావికి పోయి, మెట్ల మీద కూర్చొని కాలు నీళ్లలో పెట్టుకొనేది. నీళ్లు తగిలితే హాయిగా ఉన్నదనేది. బొబ్బ పగిలి అందులోనుండి తెల్లని దారమువంటి పురుగు తల కనిపించింది. నారి కురుపు అన్నారు. పుండ్లకు కట్లు కట్టే ఒక పెద్దాయన వచ్చి, ఆ పురుగు కొసను పుల్లకు చుట్టి, రోజుకు ఒకటి రెండు అంగుళముల చొప్పున లాగేవాడు. తొందరపడి లాగితే తెగుతుంది. తెగితే కాలంతా వాచి చీము పడుతుంది. అది వేరుశనగకాయ పీకే కాలము. అవ్వ నెలన్నర మంచము దిగలేదు. అమ్మ ఆమెకు చేసుకుంటూ పనికి సరిగా పోలేకపోయింది. రెండు కూలీలు పోయినవి. మా ఇంటికి షావుకారు అప్పు అలవాటైనది ఆ యేటనే.

నాగదోషమన్నవారున్నారు. ఏదో పాపమునకు ఫలమన్నవారున్నారు. అప్పటి మా సంఘకాపరిగారు మంచివారు, చదివినవారు. ఆరాధన ముగిసిన తరువాత నీళ్లు కాచి, వడగట్టి త్రాగవలెనని హితవు చెప్పారు. ఆయన మాటలో తప్పు లేదు. కాని కంపలు ఏరుకొచ్చి ఒక పూట సంగటి వండుకొనే ఇంటిలో, ఎనిమిదిమంది త్రాగే నీళ్లు కాచుటకు కట్టెలు ఎక్కడివి? అమ్మ విని, తల ఊపి, మరునాడు అదే మెట్లు దిగి అవే నీళ్లు ముంచుకొని వచ్చింది.

నారి కురుపు ఇప్పుడు మన దేశములో లేదు. అది ఎట్లు పోయినదో చెప్పక ముందు, పాఠకులను కొంతసేపు లండను నగరమునకు, 1854వ సంవత్సరమునకు తీసుకొనిపోవలెను. రోగికి హితవు చెప్పుట వేరు, రోగి త్రాగే నీటిని మార్చుట వేరు అన్న సంగతి ఇంటింటి లెక్కతో అక్కడ తేటపడింది. తేటపరచినవారు ఇద్దరు. ఒకరు డాక్టరు. ఆయన పేరు వైద్యవిద్యార్థులందరికీ తెలుసు. రెండవవారు ఒక చిన్న గుడిలో సహాయ గురువు. ఆయన పేరు మన సంఘములలో కూడ విన్నవారు తక్కువ.

ఆ కాలమునకు లండను ప్రపంచములోకెల్ల పెద్ద నగరము, చాలా మురికి నగరము కూడ. ఇళ్ల క్రింద మురుగు గుంటలుండేవి. అవి నిండి పొర్లేవి. 1840ల చివర అధికారులు ఆ గుంటలను మూయించి మురుగునంతా థేమ్సు నదిలోనికి వదిలించారు. దుర్గంధము తగ్గితే రోగము తగ్గునని వారి నమ్మకము. ఆ నది నీళ్లే అనేక కంపెనీలు గొట్టముల ద్వారా ఇళ్లకు అమ్మేవి. కలరా చెడ్డగాలి వలన వచ్చునని పెద్ద పెద్ద డాక్టర్లు, ప్రభుత్వ ఆరోగ్య బోర్డువారు గట్టిగా నమ్మారు. బీదలకు ఎక్కువగా వచ్చినందున, వారి అశుభ్రత, త్రాగుడు, నడవడి దానికి కారణములని ప్రసంగములు కూడ జరిగేవి.

జాన్ స్నో ఈ మాట నమ్మలేదు. ఆయన 1813లో యార్కు పట్టణములో ఒక కూలివాని ఇంట పుట్టాడు. పద్ధెనిమిదేండ్లవాడై వైద్యుని క్రింద పని నేర్చుకొనుచుండగా బొగ్గుగనుల కూలీలకు వచ్చిన కలరాను దగ్గరనుండి చూచాడు. లండనుకు వచ్చి మత్తుమందు ఇచ్చుటలో పేరు తెచ్చుకొన్నాడు. 1853లో విక్టోరియా మహారాణి ప్రసవమునకు క్లోరోఫారమ్ ఇచ్చినది ఆయనే. ఆయన తర్కము సూటిగా ఉండేది. కలరా మొదట పట్టేది ప్రేగులను, ఊపిరితిత్తులను కాదు. కాబట్టి అది గాలిలో కాక నోటిలోనుండి లోపలికి పోయి ఉండవలెను. 1849లోనే ఈ సంగతి చిన్న పుస్తకముగా అచ్చువేశాడు. ఎక్కువమంది పట్టించుకొనలేదు.

1854 ఆగస్టు 31 రాత్రి సోహో అనే పేటలో, బ్రాడ్ స్ట్రీటు చుట్టుప్రక్కల కలరా ఒక్కసారిగా విరుచుకొని పడింది. మూడు రోజులలో ఆ వీధిలోను, దాని ప్రక్కలను 127 మంది చనిపోయారు. చేతనైనవారు ఇళ్లు విడిచి పారిపోయారు. అంతా అయ్యేసరికి మృతులు 616 మంది. స్నో ఇల్లు అక్కడికి దూరము కాదు. ఆయన మృతుల జాబితా తీసుకొని వీధి వీధి తిరిగాడు. మొదట లెక్కకు తీసుకొన్న 83 మరణములలో దాదాపు అన్నీ బ్రాడ్ స్ట్రీటు చేతిపంపునకు దగ్గరి ఇళ్లలోనివి. వేరొక పంపు దగ్గరగా ఉన్న ఇళ్లలో జరిగినవి పది మాత్రమే. విచారించగా వాటిలో ఐదు కుటుంబములవారు బ్రాడ్ స్ట్రీటు నీళ్లే రుచిగా ఉన్నాయని అక్కడికే మనిషిని పంపేవారట. మరి ముగ్గురు ఆ పంపు దగ్గరి బడికి పోయే పిల్లలు.

రోగము రానిచోట్లు కూడ ఆయనకు సాక్ష్యమిచ్చాయి. ఆ ప్రక్కనే బీదల ఆశ్రమములో 535 మంది ఉండేవారు. చుట్టూ ఇళ్లలో శవములు లేస్తుండగా అక్కడ చనిపోయినవారు ఐదుగురే. ఆశ్రమమునకు స్వంత బావి ఉన్నది. అదే వీధిలో బీరు తయారుచేసే కార్ఖానాలో డెబ్బది మంది పనివారిలో ఒక్కరూ చావలేదు. యజమాని వారికి బీరు ఉచితముగా ఇచ్చేవాడు, వారు పంపు మొగము చూడలేదు. (మద్యపాన నిషేధమును గూర్చి ప్రసంగించే మన పెద్దలు నన్ను క్షమింతురు గాక. డాక్టరు స్నో స్వయముగా మద్యము ముట్టనివాడు.) అదే వీధిలో తుపాకీ మందుబిళ్లల కార్ఖానాలో పనివారికోసము ఆ పంపు నీళ్లు తొట్లలో నింపి ఉంచేవారు. అక్కడ పద్ధెనిమిదిమంది పోయారు. ఆ కార్ఖానావారి తల్లి, ఒక విధవరాలు, మైళ్ల దూరములో హాంప్‌స్టెడ్‌లో మంచి గాలి, మంచి ఇల్లు కలిగి నివసించేది. పాత పంపు నీళ్ల రుచి మరువలేక రోజూ బండిమీద ఒక సీసా తెప్పించుకొనేది. ఆమె కూడ కలరాతో చనిపోయింది. ఆ నీళ్లు త్రాగిన ఆమె బంధువుల అమ్మాయి ఇస్లింగ్టనులో చనిపోయింది. ఈ ఇద్దరినీ చంపినది సోహో గాలి అని ఎవరు చెప్పగలరు?

సెప్టెంబరు 7 సాయంకాలము స్నో ఆ పారిష్ పెద్దల బోర్డు ముందు నిలిచి తన లెక్కలు చూపాడు. వారు పూర్తిగా నమ్మారో లేదో గాని, మరునాడు, అనగా 8వ తేదీన, పంపు పిడి ఊడదీయించారు. చాలా పుస్తకములలో కథ ఇక్కడితో ముగుస్తుంది, పిడి తీయగానే కలరా ఆగినట్లు వ్రాస్తారు. నిజము అంత సులువు కాదు. అప్పటికే జనము పారిపోయినందున రోగము తగ్గుముఖము పట్టింది. స్నో తానే ఆ సంగతి ఒప్పుకొన్నాడు. అందువలననే ఎదుటివారు ఆయన మాట కొట్టివేయుటకు సందు దొరికింది.

ఇక్కడ రెవరెండు హెన్రీ వైట్‌హెడ్ వస్తాడు. బెర్విక్ స్ట్రీటులోని సెయింట్ లూకా గుడిలో సహాయ గురువు, ఇరువది తొమ్మిదేండ్లు నిండని యువకుడు. ఆ వారమంతా రోగుల ఇళ్లు తిరిగి, చనిపోయేవారి మంచముల ప్రక్కన కూర్చొన్నవాడు. ఆయనకు స్నో మాట మీద నమ్మకము లేదు. పంపు నీళ్లు త్రాగి బాగుపడినవారిని నేనే చూచాను గదా అనుకొన్నాడు. అయితే ఇంకొక సంగతి ఆయన తన కళ్లతో చూచాడు. శుభ్రముగా ఉన్న ఇళ్లలో కలరా వచ్చింది, మురికి ఇళ్లు కొన్ని తప్పించుకొన్నాయి. త్రాగుబోతులు బ్రతికారు, నెమ్మదిగల కుటుంబములు పోయాయి. కాబట్టి నడవడిని బట్టి శిక్ష అన్న మాట ఆయన మనస్సుకు పట్టలేదు. ఆ సంవత్సరము చివర పారిష్‌వారు విచారణ కమిటీ వేసినప్పుడు, డాక్టరు స్నోతోపాటు ఆయన కూడ చేరాడు. స్నో తప్పని చూపుటే ఆయన ఉద్దేశము.

ఆయనకు డాక్టరుకు లేని ఒక సౌకర్యమున్నది. ఆ వీధిలో ఏ తలుపు తట్టినా అయ్యగారు వచ్చారని లోపలికి పిలిచేవారు. ఒకే ఇంటికి నాలుగైదుసార్లు పోయి అడిగాడు. ఎవరు ఏ నీళ్లు త్రాగారు? ఎవరు తెచ్చారు? ఏ రోజున? మీ నీళ్లు తెచ్చే పిల్లవాడు జబ్బుపడినప్పుడు ఏ నీళ్లు త్రాగారు? బ్రతికినవారిని, చనిపోయినవారిని, జబ్బు రానివారిని అందరినీ లెక్కవేశాడు. లెక్క తేలేసరికి ఆయన మాట ఆయనకే ఎదురుతిరిగింది. పంపు నీళ్లు త్రాగిన 137 మందిలో 80 మందికి కలరా తగిలింది. త్రాగని 297 మందిలో 20 మందికే తగిలింది. తన అభిప్రాయము తప్పని ఆయన అచ్చులో ఒప్పుకొన్నాడు. మనలో ఎంతమందిమి అట్లు చేయగలము?

అంతటితో ఆగలేదు. నీళ్లు చెడిపోవుటకు మొదలెక్కడ? ఒకనాడు మరణముల పట్టికలు తిరగవేయుచుండగా ఆయన కన్ను ఒక పంక్తి మీద నిలిచింది. బ్రాడ్ స్ట్రీటు 40వ నంబరు ఇల్లు, ఐదు నెలల ఆడబిడ్డ, విరేచనములతో నీరసించి సెప్టెంబరు 2న మరణము. ఆ ఇంటి గుమ్మమునకు ఎదురుగానే పంపు ఉన్నది. వైట్‌హెడ్ ఆ తల్లి దగ్గరకు పోయి మెల్లగా అడిగాడు. బిడ్డకు జబ్బు చేసినది ఆగస్టు 28న. పొత్తిగుడ్డలు నానవేసిన నీళ్లు ఇంటి ముందరి మురుగు గుంటలో పోశానని ఆమె చెప్పింది. 1855 ఏప్రిలులో త్రవ్వి చూచారు. గుంట ఇటుకలు పుచ్చిపోయి ఉన్నాయి. గుంటకు బావికి మధ్య ఎడము మూడడుగులు కూడ లేదు. మట్టిలో మురుగు ఊటలు బావివైపు దారి తీసినవి.

ఇంకొక సంగతి చదివినప్పుడు నా ఒళ్లు జలదరించింది. ఆ బిడ్డ తండ్రి పోలీసు కానిస్టేబులు. ఆయనకు కలరా సోకినది సెప్టెంబరు 8న, సరిగా పంపు పిడి తీసిన దినమునే. 19న ఆయన చనిపోయాడు. ఆయన మంచము దగ్గరి నీళ్లు కూడ ఆ గుంటలోనే పడినవి. ఆనాడు పిడి అక్కడే ఉండి, పారిపోయినవారు తిరిగివచ్చి మళ్లీ త్రాగి ఉన్నట్లయితే ఏమి జరిగి ఉండేదో ఊహించుకొనవచ్చును. పిడి తీయుట వృథా అని ఎగతాళి చేసినవారికి ఈ లెక్క తెలియదు. సహాయ గురువు వెదకి పట్టేవరకు డాక్టరు స్నోకు కూడ తెలియదు.

ఇదంతా ఒక పంపు సంగతి. దానికంటె గొప్ప సాక్ష్యము థేమ్సుకు దక్షిణ భాగములో దొరికింది. అక్కడ రెండు నీటి కంపెనీల గొట్టములు ఒకే వీధులలో ప్రక్కప్రక్కనే పోయేవి. ఒక ఇంటికి ఒక కంపెనీ నీళ్లు, ప్రక్క ఇంటికి రెండవదానివి. లాంబెత్ కంపెనీ 1852లో తన నీళ్లు తోడే చోటును పట్టణపు మురుగు చేరని పై భాగమునకు, థేమ్స్ డిట్టను అనే ఊరికి మార్చుకొన్నది. సౌత్‌వర్క్ వాక్స్‌హాల్ కంపెనీ పాత చోటనే తోడింది. 1854లో కలరా వచ్చినప్పుడు స్నో ఇల్లిల్లు తిరిగి లెక్క తీశాడు. సౌత్‌వర్క్ కంపెనీ నీళ్లు పోయే 40,046 ఇళ్లలో 1,263 మంది చనిపోయారు. లాంబెత్ కంపెనీవి పోయే 26,107 ఇళ్లలో 98 మంది. పదివేల ఇళ్లకు ఒకచోట 315, ఒకచోట 37.

ఈ అంకెల దగ్గర పాఠకులు కొంచెము ఆగవలెనని నా మనవి. రెండు తరగతుల ఇళ్లలోను బీదలున్నారు, ధనికులున్నారు, శుచిగలవారు, లేనివారు ఉన్నారు. అందరూ పీల్చినది ఒకే గాలి. చాలా ఇళ్లవారికి తమ ఇంటికి వచ్చేది ఏ కంపెనీ నీళ్లో కూడ తెలియదు. ఇంటి యజమాని ఎవరికి డబ్బు కట్టితే ఆ నీళ్లు. స్నో రసాయన పరీక్ష చేసి నీటిలోని ఉప్పును బట్టి కంపెనీని కనుక్కొనవలసి వచ్చింది. లాంబెత్ నీళ్లు త్రాగినవారు బ్రతికినది వారి జ్ఞానము వలన కాదు. రెండేండ్ల క్రిందట ఒక కంపెనీవారు తమ గొట్టపు మొదలును నదికి ఎగువకు జరిపారు, అంతే. వారిలో ఎవరికీ ఎవరూ హితవు చెప్పలేదు.

ప్రభుత్వ బోర్డువారు ఇది కూడ ఒప్పుకొనలేదు. సోహోలో పంపు పిడి కొంతకాలమునకు తిరిగి బిగించారు. స్నో 1858 జూను 16న, నలుబది ఐదేండ్ల వయస్సులో, తన మాట గెలుచుట చూడకుండానే చనిపోయాడు. విచిత్రమేమంటే, ఆ వేసవిలోనే థేమ్సు నది దుర్గంధము భరింపరానిదై పార్లమెంటు భవనపు తెరలను సున్నపు మందులో ముంచి కట్టవలసి వచ్చింది. అంతవరకు కదలని పార్లమెంటు సభ్యులు ఆగస్టు 2నాటికి చట్టము చేశారు. ఇంజనీరు జోసెఫ్ బాజల్జెట్ 82 మైళ్ల పొడవున పెద్ద మురుగు కాలువలు ఇటుకలతో కట్టించి, మురుగును పట్టణమునకు దిగువకు తరలించాడు. ఆయనను పనికి పెట్టినవారు దుర్గంధమును తొలగించుచున్నామనే అనుకొన్నారు. కారణము తప్పుగా తెలిసినా పని మాత్రము సరియైనది జరిగింది. 1866లో లండనుకు మళ్లీ కలరా వచ్చినప్పుడు, కొత్త కాలువల పని ఇంకా పూర్తికాని తూర్పు భాగములోనే, ఒక కంపెనీ వడగట్టని నీళ్లు పంపినచోటనే, వేలమంది చనిపోయారు. ఒకప్పుడు గాలి సిద్ధాంతమును పట్టుకొన్న ప్రభుత్వ గణాంకాధికారి విలియం ఫార్, ఆ ఏడు నీళ్లే కారణమని తానే లెక్కకట్టి చూపాడు. తరువాత లండనులో అటువంటి కలరా రాలేదు. కలరా క్రిమిని రాబర్ట్ కాక్ 1884లో కలకత్తాలో చూపించి ధ్రువపరచుటకు చాలా ముందే లండను దానినుండి విడుదల పొందింది.

వైట్‌హెడ్ పల్లెటూళ్లలో గురువుగా పనిచేసి 1896లో చనిపోయాడు. తన చదువుగదిలో జాన్ స్నో పటము పెట్టుకొన్నాడట.

ఇక మా దిగుడుబావి దగ్గరకు తిరిగివస్తాను. అవ్వ బాధపడినప్పుడు మా ఊరిలో ఎవరికీ తెలియని సంగతి 1870లోనే అలెక్సీ ఫెద్చెంకో అనే రష్యా శాస్త్రజ్ఞుడు కనుగొన్నాడు. నారి పురుగు పిల్లలు నీటిలోనుండే కంటికానని సైక్లాప్స్ అనే జీవి కడుపులో పెరుగుతాయి. ఆ నీళ్లు త్రాగినవాని ఒంటిలో అవి ఒక సంవత్సరము పెరిగి, ఆడపురుగు గజము పొడవై, ఎక్కువగా కాలిలోనుండి బయటికి వస్తుంది. మంట పుట్టించేది ఆ పురుగే. మంటకు ఓర్వలేక కాలు నీళ్లలో పెట్టగానే అది వేలకొలది పిల్లలను నీటిలోనికి వదులుతుంది. మా అవ్వ సాయంకాలము మెట్ల మీద కూర్చొని కాలు చల్లార్చుకొన్నదే, మరుసటి సంవత్సరము ఇరుగుపొరుగు కాళ్లలో బొబ్బలుగా లేచింది. ఆమెకు ఆ సంగతి తెలిసి ఉంటే ప్రాణము పోయినా కాలు ముంచి ఉండేది కాదు. (సంఖ్యాకాండము 21వ అధ్యాయములోని సర్పములు ఈ పురుగులేమోనని ఊహించిన పండితులున్నారు. నాకు ఆ ఊహ అంతగా నచ్చలేదు గాని, అరణ్యములో నీళ్ల కరువు పడినవారికి ఇటువంటి బాధ క్రొత్త కాదని మాత్రము నమ్ముతాను.)

ఈ రోగమునకు టీకా లేదు, పురుగును చంపే మందూ లేదు. ఆ మాట ఈనాటికీ నిజమే. కాని దానికి ఒక బలహీనత ఉన్నది. త్రాగే నీటిలో మనిషి కాలు పడకపోతే దాని వంశము అక్కడితో సరి. దిగుడుబావికి మెట్లు మూసి, చుట్టూ ఒర కట్టి, గిలక పెట్టితే అది చేదబావి అవుతుంది. బొక్కెన మాత్రమే నీటిలో దిగుతుంది, కాలు దిగదు. భారత ప్రభుత్వము 1983–84లో ఈ రోగ నిర్మూలన పథకమును మొదలుపెట్టినప్పుడు ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, తమిళనాడు, మహారాష్ట్ర, గుజరాత్, మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఈ ఏడు రాష్ట్రములలో దాదాపు 40,000 మంది రోగులను లెక్కించారు.

మా ఊరికి పనివారు వచ్చునాటికి నేను ప్రక్క ఊరి బడిలో ఉపాధ్యాయుడను. ఇంటింటికి తిరిగి పుస్తకములో వ్రాసుకొన్నారు. నీళ్లు వడగట్టుకొనుటకు గుడ్డ ఇచ్చారు. బావిలో మందు కొలిచి పోశారు. అంతవరకు అందరూ సంతోషించారు. బావి మెట్లు మూస్తామనేసరికి మా పేట రెండుగా చీలింది. తరతరములనాటి బావి, మెట్లు మూస్తే బట్టలెక్కడ ఉతుక్కోవాలి, ముసలివారు చేద లాగగలరా, మోకుకు ఎవరు డబ్బిస్తారు, పిల్లలు ఈత ఎక్కడ నేర్చుకొంటారు? ఇవి మూర్ఖపు మాటలని పట్టణమునుండి వచ్చిన ఒక యువకుడు కేకలు వేశాడు. నేను అట్లు అనుకొనలేదు. ప్రతి ప్రశ్నా న్యాయమైనదే. చివరకు ప్రక్కన ఒక గచ్చు తొట్టి, బట్టలుతుకు బండలు వేయించుటకు, మోకు ఖర్చు పేటవారందరు పంచుకొనుటకు ఒప్పుదల కుదిరింది. మెట్లను రాతిగోడతో మూసిన రోజున మా పెద్దమ్మ ఒకామె గట్టున కూర్చొని ఏడ్చింది. ఆమెకు కూడ రెండుసార్లు నారి కురుపు వచ్చి పోయింది, అయినా ఏడ్చింది. రెండేండ్ల తరువాత మా పేటలో క్రొత్తగా ఎవరికీ బొబ్బ లేవలేదు. నీళ్లు కాచుకొనుట అప్పటికీ ఎవరికీ అలవాటు కాలేదు.

దేశములో చివరి రోగిని 1996 జూలైలో రాజస్థాన్‌లోని జోధ్‌పూరు జిల్లాలో చూచారు. 2000 ఫిబ్రవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశము ఈ రోగమునుండి విముక్తి పొందినదని ధ్రువీకరించింది. 1986లో లోకమంతటిలో ముప్పది ఐదు లక్షలమందికి ఉన్నదని అంచనా వేసిన రోగము 2023లో పదునలుగురికి మాత్రమే వచ్చింది. ఆఫ్రికాలో కొన్నిచోట్ల కుక్కలకు కూడ పట్టినందున చివరి అడుగు కష్టముగా ఉన్నది.

ఇంతటితో ముగిస్తే కథ బాగుండును. కాని మా ప్రాంతపువారికి సగమే చెప్పినట్లవుతుంది. ఆ కాలములోనే మెట్ట గ్రామములకు లోతు బోర్లు, చేతిపంపులు వచ్చాయి. జాల్నాలోను, షోలాపూరులోను మిషను పనివారు దిద్దిన పంపులనుండి వచ్చిన గట్టి పంపులవి. క్రిమి చేరని నీళ్లు, వీధిలోనే నీళ్లు. మా పేటకు కూడ ఒకటి వచ్చింది, ప్రార్థన చేసి మొదటి బిందె పట్టుకొన్నాము. అయితే నేలలోని రాతిని బట్టి కొన్నిచోట్ల ఆ నీటిలో ఫ్లోరైడు ఎక్కువ. నెల్లూరు జిల్లాలో ఎముకలు వంగిపోయిన గ్రామస్థులను గూర్చి డాక్టర్లు 1937లోనే వైద్యపత్రికలో వ్రాశారు. నల్లగొండ జిల్లాలో ఆ బాధ ఎంతటిదో మనవారందరికీ తెలుసు. నాగపూరులోని నీరి సంస్థవారు 1970లలో పటిక, సున్నము, బ్లీచింగు పొడి కలిపి ఫ్లోరైడును తేర్చే పద్ధతి కనుగొని, దానికి నల్లగొండ పేరే పెట్టారు. ఆ పద్ధతి మంచిదే, కాని రోజూ కొలత తప్పకుండ కలిపే మనిషి ఉండవలెను. దూరపు నదినుండి గొట్టములతో నీళ్లు తెచ్చినచోట ఆ భారము ఏ ఇల్లాలి మీదా పడలేదు.

మా పేట బోరు నీళ్లు పరీక్ష చేయించినప్పుడు ఫ్లోరైడు హద్దు మించి ఉన్నదని తేలింది. త్రాగకూడదని పంపుకు ఎర్రరంగు పూశారు. ఎర్రరంగు పూసిన రోజున ప్రత్యామ్నాయముగా వేరే నీళ్లు ఇవ్వలేదు. గొట్టపు నీళ్లు రావడానికి చాలా ఏండ్లు పట్టింది. అంతవరకు మా పిల్లలు ఆ ఎర్ర పంపు నీళ్లే త్రాగారు. కొందరి పండ్ల మీద ఆ మచ్చలు ఇప్పటికీ ఉన్నాయి. ఇప్పుడు ఇళ్లకు నల్లాలు వచ్చాయి, వాటిలో నీళ్లు రాని రోజులు కూడ ఉన్నాయి. పంపు అక్కడే ఉన్నది, దాని పిడి కూడ ఉన్నది. నల్లా ఆగిన రోజున దాని దగ్గర బిందెలు వరుసగా నిలబడతాయి.